రేకు దడి వెనక మేట

డిసెంబరు 14
మధ్యాహ్నం, భోజనం తర్వాత

చిరంజీవి కజుహాకు,

నానమ్మ సుమియే దీవెనలు. తొలి మంచు మూడు రోజుల కిందట పడింది. పెరట్లో ముల్లంగి ముందే పీకి గడ్డిలో పాతిపెట్టాను. ముల్లంగాకు ఊరగాయ రాయి కింద నలుగుతోంది. నా మోకాళ్ళు వాటి వయసుకు తగ్గట్టు ఉన్నాయి. నువ్వు నగరంలో కులాసాగా ఉన్నావనీ, వేళకు తింటున్నావనీ తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి, ఇక అసలు సంగతికి వస్తాను.

నిన్న ఫోనులో, లెక్క సరిపోయింది నానమ్మా, సరిపోయింది అని నాలుగుసార్లు అన్నావు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏడేళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. నాలుగుసార్లు చెప్పాల్సివచ్చిన లెక్క నిజంగా సరిపోయి ఉండటం ఒక్కసారీ చూడలేదు. నా మాట పూర్తికాకముందే ఎవరో పిలుస్తున్నారని ఫోను పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. మధ్యలో ఆపి పక్కన పడేసినా ఉత్తరం బల్ల మీదే ఉండి నిన్ను చూస్తూ ఉంటుంది.

మన ఇంటి వెనక వృద్ధుల నివాసం కప్పు మీద ఇంజనీరుగా నువ్వు పెట్టించిన, చలికాలం గదుల్ని వెచ్చబరిచే ఆ రెండు పెద్ద ఏసీ యంత్రాల గురించి రాస్తున్నాను. సరిగ్గా వాటి కింద గదిలో మీ తాత చెల్లెలు ఇకు ఉంటుంది. ఆవిడతోబాటు ఇంకో ముగ్గురు ముసలమ్మలు. నలుగురి వయసులూ కూడితే మూడువందల నలభై. ఇది నీ లెక్కల కాగితంలో ఎక్కడా ఉండదు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను.

నీ మొదటి డ్రాయింగు బాగుంది. చూడు, మెచ్చుకున్నాను, తారీఖు గుర్తుపెట్టుకో. యంత్రాలను మీటరున్నర ఇనుప కాళ్ళ మీద నిలబెట్టావు. వాయవ్యపు గాలి ఆ కాళ్ళ మధ్య దూరి, పోతూ పోతూ కప్పును ఊడ్చిపెట్టి పోతుంది. నా చేతి కింద పెరిగిన పిల్లే అనుకున్నాను. ఆ తర్వాత అక్టోబరులో ఆ యంత్రాల చుట్టూ నాలుగువైపులా, కప్పు మొదలుకొని రెండున్నర మీటర్ల ఎత్తున, చెయ్యి దూరే సందు కూడా లేకుండా రేకు పలకల దడి కట్టారు. ఎవరో ఇరుగుపొరుగు మనిషికి యంత్రాల హోరు పడలేదట. ఈ ఊళ్ళో బుద్ధికన్నా చెవులు చురుకైన ముసలివాళ్ళకు కొదవా? అది వదిలెయ్. దడి కట్టవచ్చా అని నిన్ను అడిగినప్పుడు నువ్వేం చేశావు? దడి బరువు ఏడువందల యాభై కిలోలు అని లెక్కలో కలిపావు, దూలాలు మోస్తాయన్నావు, ముద్ర గుద్దావు.

దడి బరువు కలిపావు గానీ, దడి పిలుచుకొచ్చే చుట్టం బరువు కలపలేదు తల్లీ. మంచు మోసుకొస్తున్న గాలికి అడ్డం తగిలితే ఏం చేస్తుంది? బుట్ట దించేస్తుంది. బరువు మోసే ఎవరైనా చేసేది అదే. కప్పు మీద పరుచుకున్న మంచునంతా ఊడ్చుకొచ్చి, దడికి ముందు కొంత, వెనక మరింత మేట వేస్తుంది. ఏటి మలుపులో ఇసుక మేట వేసినట్టే. ఇది నీకు ఏడో ఏటనే చెప్పాను. అప్పుడు నీ దృష్టి వేయించిన బియ్యప్పిండి బిళ్ళల మీద ఉంది.

నా మాటంటే నీకు నమ్మకం లేదని తెలుసు. అందుకని పెరట్లో రెండు ఆపిల్ పెట్టెలు నిలువుగా పెట్టాను. ఒకటి నాలుగు ఇటుకల మీద. రెండోది నేల మీదే, చుట్టూ అట్టలు కట్టి. రెండు రోజుల గాలి తర్వాత కొలిచాను. పెరడంతా ముప్ఫై సెంటీమీటర్లు. ఇటుకల మీది పెట్టె దగ్గర ఇరవై ఐదు, కింద దాదాపు ఖాళీ. అట్టలు కట్టినదాని వెనక అరవై, అంటే పెట్టె ఎత్తుకు నాలుగు వేళ్ళు తక్కువ. అక్కణ్ణుంచి తోకలా సన్నబడుతూ పోయింది, తోక పొడవు తల ఎత్తుకు నాలుగింతలు. పక్కింటి గెంజిరో గోడ మీంచి తల పెట్టి, ఏం టీచరమ్మా, ఆపిల్ పండ్లకు సమాధులు కడుతున్నారా అన్నాడు. కాదు, మా మనవరాలి లెక్కకు కడుతున్నానన్నాను.

ఇంకొకటి కూడా ఉంది. నివాసం వాకిట్లో, చెప్పుల అరల పక్కన, మీ ఆఫీసువాళ్ళు తగిలించిన పలక ఉంది: ఈ కప్పు మీది మంచును ఒక మీటరు దాటకముందే దించవలెను. మన ఊళ్ళో మూడు మీటర్లు పడుతుంది. కానీ మంచు దించే ఆచారం ఉన్న ఊరు గనక మీటరుకు లెక్కగడితే చాలని చట్టం ఒప్పుకుంటుంది. ఆచారం మంచిదే, కాదనను. ఆ ఆచారం పేరు గెంజిరో, వయసు డెబ్భై ఆరు. ఆయన వెంట ఇంకో నలుగురు. వాళ్ళలో అందరికన్నా చిన్నవాడికి అరవై తొమ్మిది. సరే, వాళ్ళే తాళ్ళు కట్టుకుని ఎక్కుతారు, దించుతారు. అయితే దడి మీద యంత్రాల కంపెనీవాళ్ళు మన పెరట్లోకి కనబడేంత పెద్ద అక్షరాలతో ఇంకో పలక బిగించారు: లోపల గొట్టాలున్నవి, దడికి మూడు మీటర్ల లోపల పారలు వాడరాదు. అంటే ఆ కప్పు మీద మంచు మీటరు దాటే చోటు ఒక్కటే, పార వెయ్యకూడని చోటూ అదే. ఈ రెండు పలకలనూ ఒకేరోజు చదివిన మనిషిని ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే అనుకుంటాను.

రైల్లో గంటన్నర ప్రయాణం. వచ్చి నీ కళ్ళతో చూడు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ లెక్క నమ్మని
నానమ్మ


జనవరి 11
ఉదయం, మంచు పడుతూనే ఉంది

చిరంజీవి కజుహాకు,

కొత్త సంవత్సరం నీకు అన్నివిధాలా కలిసిరావాలి. పండగకు నువ్వు రాలేదు. నీ వాటా బియ్యపు ముద్దలు కాల్చుకుని నేనే తిన్నాను, గొంతుకు అడ్డంపడలేదు, దిగులుపడకు.

డిసెంబరులో నేను నాలుగు పేజీలు రాశాను. నీ జవాబు ఫోనులో వచ్చింది. చదివాను నానమ్మా, చూస్తాను, అని ఒక్క ముక్క. దాని కింద ఒక ఎలుగుబంటి వంగి దండం పెడుతున్న బొమ్మ. ఆ ఎలుగుబంటిని చాలాసేపు చూశాను. మన కొండల్లో ఉన్నవి ఇంత మర్యాద తెలిసినవి కావు గానీ ఇంతకన్నా పనిమంతులు.

రెండో ముక్కలో, చిన్న చిన్న అడ్డాలకు మేట లెక్క అక్కర్లేదని మీ ఆఫీసు పెద్దాయన అన్నారని రాశావు. కాళ్ళ మీద నిలబడ్డ యంత్రం చిన్న అడ్డమే. చుట్టూ దడి కట్టాక అది చిన్నదెలా అవుతుంది? ఆరు మీటర్ల పొడవు గోడ అవుతుంది. దడి కట్టమన్న పొరుగువారు ఎవరని కూడా అడిగావు. ఎవరైతే నీకేం? మంచు పేర్లు అడిగి పడదు. నువ్వు అడగాల్సింది మేట ఎంత ఉందని.

చెప్తాను విను. ఐదు రోజులు ఆగకుండా పడింది. ఏడో తేదీన గెంజిరో బృందం ఎక్కింది. కప్పంతా ఎనభై ఉన్నదాన్ని పొద్దుగూకేలోగా దించేశారు. దడి దగ్గరికొచ్చేసరికి మాత్రం మూడు మీటర్ల ఇవతలే ఆగిపోయారు. ఎందుకాగావయ్యా అంటే, పలక మీద రాసుంది కదా టీచరమ్మా, రాసినదానికి ఎదురు చెప్పకూడదని మీలాంటి టీచర్లే కదా మా వీపులు వాయగొట్టి నేర్పారు అన్నాడు. మేటలో వెదురుగడ గుచ్చమన్నాను. మీటరు డెబ్భై. ఒక లీటరు డబ్బాతో మంచు కోసుకురమ్మని చెప్పి వంటింటి త్రాసులో తూచాను. మీ పుస్తకంలో లీటరుకు మూడువందల గ్రాములు, సెంటీమీటరు మందానికి చదరపు మీటరుకు మూడు కిలోలు. గాలి తొక్కి తొక్కి వేసిన మేట ఇంకా బరువు తూగింది, మూడువందల ఎనభై. నూటడెబ్భైని మూడు పాయింటు ఎనిమిదితో గుణించు. ఆరువందల నలభై ఆరు. నీ కప్పుకు నువ్వు కట్టిన లెక్క మూడువందలు. గుణకారంలో తప్పుంటే మళ్ళీ ఎలుగుబంటిని పంపు.

ఇంకా మార్చి దాకా చలికాలం ఉంది.

ఇప్పుడు నాకు అసలు ఒళ్ళు మండించిన సంగతి. కిందటివారం ఇకును చూడటానికి వెళ్తే గది తలుపు జరగలేదు. పక్కకు జరిపే తలుపు, నీకు తెలుసు. లోపల్నుంచి ఇకు, వదినా, ఈ తలుపు నీ పోలిక, మొండికేస్తే ఇంతే అని అరిచింది. ఇద్దరు పనమ్మాయిలు లాగితే తెరుచుకుంది. మన ఇళ్ళల్లో తలుపు బిగిసిందంటే దాని అర్థం చంటిపిల్లలకు కూడా తెలుసు. మా అత్తగారైతే తలుపు ఒక్కసారి గీరుకున్న చప్పుడు వింటే చాలు, చేతిలోని తినే పుల్లలు కింద పెట్టేసేది. మగవాళ్ళు అన్నం మధ్యలో లేచి పారలు పట్టుకుని పైకెక్కేవాళ్ళు.

నివాసం డైరెక్టరు హొషినో గారు ఏం చేశారో తెలుసా? వడ్రంగిని పిలిపించి తలుపు పైఅంచు చిత్రిక పట్టించారు. నాలుగు రోజులకు మళ్ళీ బిగిసింది. మళ్ళీ పట్టించారు. కప్పు కిందికి దిగుతుంటే ఆయన తలుపును పొట్టిచేస్తున్నారు! అది చెక్క ఇల్లు కాదు టీచరుగారూ, ఇనుప దూలాలు, తలుపుకూ కప్పుకూ సంబంధం లేదు, తేమకు ఉబ్బింది అన్నారు. హొషినో గారూ, ఇనుము కూడా వంగుతుంది, తల మాత్రమే వంగదు అన్నాను. దానికి ఆయన నవ్వి, మా దగ్గర ఇంజనీరుగారి ముద్ర ఉన్న కాగితం ఉందండీ, ఆ ఇంజనీరు మీ మనవరాలే కదా, మీరే నమ్మకపోతే ఎలా అన్నారు.

ఎనభై ఏళ్ళు వచ్చాక నా నోటికి తాళం వెయ్యగలిగినవాళ్ళు ఈ ఊళ్ళో లేరనుకున్నాను. నీ ముద్ర వేసింది.

పోనీ నువ్వైనా గది మారవే అని ఇకును బతిమాలాను. ఆ కిటికీలోంచి పొద్దున ఎండ పడుతుందట. పెళ్ళయి వచ్చిన కొత్తలో కూడా నా గది మీదే కన్నేశావు వదినా, ఈసారి ఇవ్వను అంది. దాని గది మీద నేను కన్నేసింది నిజమే, అరవై ఏళ్ళ కిందటి మాట. దాని బుర్రలో ఇంకేం నిలవకపోయినా ఇవి మాత్రం నిలుస్తాయి.

కాబట్టి అమ్మడూ, ఇక్కడ నా మాట చెల్లదు. గెంజిరో పలక మాట వింటాడు, హొషినో కాగితం మాట వింటాడు, ఇకు ఎవరి మాటా వినదు. ఆ కాగితాన్ని కాదనగలిగింది దాని మీద ముద్ర వేసిన నువ్వొక్కదానివే. పదమూడు సాయంత్రం నుంచి మళ్ళీ గాలి ఉందన్నారు. రైళ్ళు ఆగకముందే రా. బొమ్మలు పంపావంటే ఫోను తీసుకెళ్ళి ఊరగాయ రాయి కింద పెడతాను.

నానమ్మ


ఫిబ్రవరి 2
మధ్యాహ్నం, కొంచెం ఎండ

చిరంజీవి కజుహాకు,

దీవెనలు. నీ నివేదిక నకలు అందింది, నువ్వు ఇక్కడ మరిచిపోయిన చేతితొడుగులు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అవి లేకుండా ఇన్నాళ్ళూ ఎలా తిరిగావో నేను అడగను, నువ్వు చెప్పకు.

నువ్వు వెళ్ళాక మన వీధిలో ఇంకో మాటే లేదు. పదమూడో తేదీ మధ్యాహ్నం నువ్వు తాడు కట్టుకుని గెంజిరోతో పైకెక్కినప్పుడు కింద నిలబడి చూసినవాళ్ళలో ప్రతివాళ్ళూ ఇప్పుడు తామే ఆ తాడు పట్టుకున్నామంటున్నారు. ఆ లెక్కన ఆ తాడు నలభై మీటర్లుండాలి. గెంజిరో అయితే చేపలవాడికి కూడా చెప్తున్నాడు: ఆ పిల్ల గడ గుచ్చింది, రెండు మీటర్ల పదిహేను అని చదివింది, ముఖం సోయాపెరుగు ముక్కలా తెల్లగా అయిపోయింది, అని. నేను గుణించి చూసుకున్నాను. చదరపు మీటరుకు ఎనిమిదివందల పదిహేడు కిలోలు. నువ్వు నిచ్చెన దిగేలోపే మనసులో గుణించి ఉంటావు.

నీ మీద నాకు ఇంకా కోపమే. నెలరోజులు ముందు రావాల్సింది. అయినా ఒక్క మాట రాయాలి, రాయకపోతే నాకు ఊరగాయ కూడా సయించదు. ఆ ముసలమ్మల్ని ఇప్పుడే బయటికి తీసుకురండి అని నువ్వు అంటే, భోజనాల వేళండీ, ఈరోజు వాళ్ళకిష్టమైన చేపపులుసు, అయ్యాక చూద్దాం అన్నారు హొషినో గారు. అప్పుడు నువ్వు, మీ కాగితం మీద ఉన్న ముద్ర నాదండీ, అది తప్పని నేనే చెప్తున్నాను అన్నావు. గొంతు పెంచలేదు. మీ ఆఫీసుకు ఫోను చేసి అడగనూ లేదు. ఆ మాట నేను వసారాలో నిలబడి విన్నాను. ముప్ఫై ఏడేళ్ళలో కొన్ని వేలమంది పిల్లలకు పాఠం చెప్పాను. తప్పు అని చెరిపేసుకోవడం మాత్రం ఎంతమందికి నేర్పగలిగానో లెక్కపెట్టలేదు, పెడితే బాధగా ఉంటుందని.

నాలుగు మంచాలూ భోజనశాలలోకి వచ్చాయి. ఇకు ఒళ్ళో దిండు పెట్టుకుని చక్రాల కుర్చీలో పోతూ, చివరికి వదినకు నా గది దక్కింది అని అందరికీ వినపడేలా చెప్పింది. దాని మాట పూర్తవుతుండగానే గదిలో పైన దూలం ఒక్కసారి మూలిగింది. ఇకు దిండును గట్టిగా పట్టుకుంది. దానికి చెవులు వినపడవని నాతో ఇన్నాళ్ళూ నాటకమాడింది, గమనించావా?

గెంజిరోవాళ్ళు పారలు పక్కన పడేసి, వంటింట్లోంచి ప్లాస్టిక్ తొట్లు తెప్పించుకుని, గొట్టాలకు దెబ్బతగలకుండా మూడు గంటలు చేతులతో తోడారు. దడి పలకల్లో కింది వరసలు నువ్వు చెప్పినట్టే విప్పేశారు. ఆ సాయంత్రమే గాలి లేచింది. తెల్లారి చూస్తే దడి కింద కప్పు కనబడేంత శుభ్రంగా ఊడ్చుకుపోయింది. చూశావా, దానికి దారిస్తే పని తనే చేసుకుంటుంది.

పోయినవారం ఇద్దరు మనుషులొచ్చి దూలాలకు కింద ఆసరా స్తంభాలు పెట్టి, పరీక్షలు చేసి, ఉండవచ్చన్నారు. ముసలమ్మలు మళ్ళీ ఆ గదికే చేరారు. తలుపు ఇప్పుడు వేలితో తోస్తే జరుగుతోంది. జరగదా మరి? కప్పు తన చోటికి తను లేచిపోయింది, తలుపు మాత్రం రెండుసార్లు పొట్టిదైంది. పైన రెండు వేళ్ళ సందు. అందులోంచి చలిగాలి. ఇకు నన్ను పిలిపించి, వదినా, నీ మనవరాలు కప్పు లేపింది బాగానే ఉంది, ఈ సందు ఎవరు పూడుస్తారు అని తగువు పెట్టుకుంది. నేను అల్లిన ఊలు మఫ్లరు తీసుకుని అందులో కుక్కింది. ఆ మఫ్లరు అల్లడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మీ పెద్దాయన నివేదికలో అనూహ్యమైన హిమపాతం అని రాయమన్నారనీ, నువ్వు రాయలేదనీ ఫోనులో చెప్పావు. సరిగ్గా చేశావు. ఏటా పడేదాన్ని అనూహ్యం అనడమేమిటి, సిగ్గు లేకపోతే సరి. పదో తేదీన పురపాలక కట్టడాల విభాగం ముందు నువ్వొక్కదానివే నిలబడాలన్నావు. ఏం జరుగుతుందో తెలియదన్నావు. ముద్ర తీసేసుకోవచ్చన్నావు. ఆ మాట చెప్తూ కూడా ఏదో నమిలి మింగావు, అది అన్నం కాదని చప్పుడుబట్టి తెలిసింది. వేళకు తిను.

ఆరోజు హొషినో గారి గదిలో నువ్వు దడి ఫైలు ముందేసుకుని అరగంట కూర్చున్నావు. బయటికొచ్చి నావైపు చూడకుండా, ఆకలేస్తోంది నానమ్మా అన్నావు. ఇంటికొచ్చి మూడు గిన్నెలు తిన్నావు. అలిసిపోయావనుకున్నాను.

ఇట్లు,
నీ నానమ్మ
సుమియే

తా.క. నీ నివేదిక రెండుసార్లు చదివాను. నీ తప్పు ఆరుచోట్ల రాశావు, నీ పేరుతో సహా. హొషినో గారి పేరు మూడుచోట్ల ఉంది. ఏడో పేజీలో మాత్రం, పొరుగున ఉన్న ఒకరి కోరిక మేరకు దడి కట్టడమైనది, అని ఉంది. ఇంత వివరంగా రాసే పిల్ల ఆ ఒక్కచోట పేరు ఎందుకు మింగిందో ఇవాళ పొద్దున ఊరగాయ తీస్తుంటే తట్టింది. ఆ ఫైల్లో ఉన్న ఫిర్యాదు చేత్తో రాసింది. ఆ చేతిరాత చూసి నువ్వు అక్షరాలు దిద్దుకున్నావు.

అవును, రాసింది నేనే. మూడు పేజీలు, భాష చాలా బాగా కుదిరింది. హోరు ఆపడానికి చుట్టూ కప్పుదాకా సందు లేకుండా మూసెయ్యాలని కూడా అందులో నేనే సెలవిచ్చాను. ముప్ఫై ఏడేళ్ళ టీచరు రాసిందని హొషినో గారు ఎదురు ప్రశ్న వెయ్యలేదు. డిసెంబరు తొలి గాలికి పెరటి కిటికీలోంచి ఆ దడిని చూడగానే నేను చేసిన పని తెలిసింది. అప్పుడే ఒప్పుకుని ఉంటే నీకు నాలుగు వాక్యాలు సరిపోయేవి, ఆపిల్ పెట్టెలు అక్కర్లేదు. తప్పు నీదని నిరూపించాలని తిరిగాను.

పేరు రాయి. ఒనోజుకా సుమియే, ఎనభై ఏళ్ళు, భౌతికశాస్త్రం టీచరు, తెలిసి ఉండాల్సిన మనిషి. పదో తేదీన నీ పక్కన కుర్చీ వేయించు, వస్తున్నాను. వద్దంటే గెంజిరోను తాడు కట్టి లాక్కురమ్మంటాను.

ఇక ఆ హోరు సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేది, అచ్చం మీ తాత గురకే. ఎత్తుకోవడం, ఆగడం, మళ్ళీ ఎత్తుకోవడం. నలభై ఆరేళ్ళు విన్నాక విడుదలైందనుకున్నాను. అది వినబడగానే పక్కకు తిరిగి చెయ్యి చాపేదాన్ని. పక్క ఖాళీగా ఉండేది. అందుకని ఫిర్యాదు రాశాను. కారణం ఇదని మూడు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

దడి కింది పలకలు తీసేశారు కదా, హోరు మళ్ళీ వినిపిస్తోంది. ఈసారి ఎవరికీ రాయను.